రిజిస్టరు ఒకచోట, తాళంచెవి ఒకచోట – డేటాబేసును యాక్సెస్ మేనేజ్‌మెంట్ టూల్‌తో కలిపే పాఠం



ప్రతి ఏటా ఈ సంచికలో పదో తరగతి తర్వాత ఏం చదవాలి, పోటీ పరీక్షలకు ఎలా సిద్ధం కావాలి అని పెద్దలు రాస్తూ ఉంటారు. కంప్యూటర్ పనిలో ఉన్న పూర్వ విద్యార్థులం మేము నలుగురం ఈసారి ఒక కంప్యూటర్ పాఠం రాస్తున్నాము. డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదువుతున్న వారికి ఇది నేరుగా పనికి వస్తుంది. హైస్కూలు తమ్ముళ్ళు కూడా చదవండి. అర్థం కాని మాట వస్తే దాటేసి ముందుకు వెళ్ళండి, అసలు సంగతి మాత్రం మీకు తప్పక అర్థమవుతుంది. ఎందుకంటే ఈ పాఠం మాకు పుస్తకంలో దొరకలేదు. మేము చేసిన ఒక తప్పులోంచి దొరికింది.

మేము చేసిన తప్పు

పూర్వ విద్యార్థులం కొందరం కలిసి పదో తరగతి పాసైన పిల్లలకు చేతనైన సాయం చేస్తున్న విషయం మీకు తెలుసు. అప్లికేషన్ ఫీజు, కౌన్సెలింగుకు వెళ్ళి రావడానికి బస్సు చార్జీలు, కాలేజీలో చేరిన కొత్తలో కావలసిన పుస్తకాలు, ఇలాంటివి. మొదట ఈ లెక్కంతా ఒక నోటుబుక్కులో ఉండేది. తర్వాత దానిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోనులో కూడా చూసుకునేలా చిన్న ప్రోగ్రాం రాసుకున్నాము. అందులో ప్రతి విద్యార్థి పేరు ఎదురుగా 'సాయం కావాలి' అనో, 'సాయం అందింది' అనో ఉంటుంది.

ఆ ప్రోగ్రాం వాడేవాళ్ళం తొమ్మిది మందిమి. తొమ్మిది మందికీ కలిపి ఒకే యూజర్ పేరు, ఒకే పాస్‌వర్డు. ఆ పాస్‌వర్డును అట్టముక్క మీద రాసి స్టడీ రూములో కంప్యూటర్ పక్కన గోడకు అంటించాము కూడా. అందరూ మనవాళ్ళే కదా, దాపరికం ఎందుకు అనుకున్నాము.

2023 వేసవిలో ఒక తమ్ముడి పేరు ఎదురుగా ఉన్న 'సాయం కావాలి' అన్నది 'సాయం అందింది'గా మారిపోయింది. ఎవరు మార్చారో తెలియదు. పొరపాటున వేలు తగిలిందో, పై వరుసలో మార్చబోయి కింది వరుసలో మార్చారో, గోడ మీది పాస్‌వర్డు చూసి ఎవరైనా ఆడుకున్నారో, ఈ రోజుకీ తెలియదు. డబ్బు చేరిందని మేమంతా అనుకున్నాము. మొహమాటం కొద్దీ అతను అడగలేదు. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినా చేరవలసిన తేదీ దాటిపోయింది. ఆ ఏడాదంతా అతను రొయ్యల చెరువు మీద కాపలా పని చేశాడు. మరుసటి ఏడు చేరాడు, బాగా చదువుతున్నాడు. కానీ పోయిన ఏడాదిని మేము తెచ్చి ఇవ్వలేము.

అంతకంటే బాధ ఏమిటంటే, తొమ్మిది మందిలో ఎవరు చేశారో తేల్చలేము, ఎవరు చేయలేదో కూడా తేల్చలేము. అందరికీ ఒకే తాళంచెవి ఉంటే తప్పు చేసినవాడు దొరకడు, చేయనివాడికి నింద తప్పదు. ఆ తర్వాత మేము నేర్చుకుని, సరిచేసుకున్న పనే ఈ వ్యాసం.

స్టోర్ రూము, స్టాకు రిజిస్టరు

మన హాస్టల్ స్టోర్ రూమును ఒకసారి గుర్తు చేసుకోండి. బియ్యం, కందిపప్పు, నూనె ఎంత ఉన్నాయో స్టాకు రిజిస్టరులో రాసి ఉంటుంది. తాళంచెవి వార్డెన్ గారి దగ్గర ఉంటుంది. వంటవారు బియ్యం కొలిపించుకుంటారు కానీ రిజిస్టరులో అంకె దిద్దరు. కమాటి మూట మోస్తాడు కానీ తాళం తీయడు. మెస్ కమిటీ విద్యార్థులు రిజిస్టరు చూడవచ్చు, అందులో రాయకూడదు. వార్డెన్ గారికి బదిలీ అయితే తాళంచెవులు, రిజిస్టర్లు కొత్తవారికి అప్పగించి, సంతకం పెట్టించుకుని మరీ వెళతారు.

రిజిస్టరు చెప్పేది 'ఏముంది' అని. తాళంచెవి చెప్పేది 'ఎవరు తీయవచ్చు' అని. కంప్యూటర్లో రిజిస్టరు పని చేసేది డేటాబేస్. తాళంచెవుల గుత్తిని చూసుకునేది యాక్సెస్ మేనేజ్‌మెంట్ టూల్. ఈ రెంటినీ సరిగా కలపడం ఎలాగో చెప్పడమే మా ఉద్దేశం.

రిలేషనల్ డేటాబేస్ అంటే ఏమిటి?

1970లో ఐబిఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. ఎంత పెద్ద సమాచారమైనా అడ్డు వరుసలు, నిలువు వరుసలు ఉన్న టేబుళ్ళుగా పెట్టుకోవచ్చనీ, ఒక టేబుల్‌కూ ఇంకొక టేబుల్‌కూ ఉన్న సంబంధాన్ని వాటిలోని విలువల ద్వారానే చెప్పవచ్చనీ అందులో వివరించారు. ఆ సంబంధం వల్లనే దీనికి రిలేషనల్ అని పేరు. దీనితో మాట్లాడే ఎస్‌క్యూఎల్ భాషకు అదే సంస్థకు చెందిన చాంబర్లిన్, బాయిస్ అనేవారు 1974లో రూపం ఇచ్చారు. నేడు ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వంటివన్నీ ఈ దారిలో నడిచేవే. వీటిలో పోస్ట్‌గ్రెస్‌ను ఎవరైనా ఉచితంగా దింపుకుని నేర్చుకోవచ్చు. మేము వాడింది అదే.

మన సంగతికే వద్దాం. 'విద్యార్థులు' అని ఒక టేబుల్ ఉంటుంది. అందులో అడ్మిషన్ నంబరు, పేరు, ఊరు, తరగతి ఉంటాయి. 'సాయం' అని ఇంకొక టేబుల్. అందులో అడ్మిషన్ నంబరు, ఏ అవసరం, ఎంత డబ్బు, అందిందా లేదా అన్నవి ఉంటాయి. రాజోలు నుంచి ఒకరు, కొత్తపేట నుంచి ఒకరు, ఒకే పేరున్న పిల్లలు ఇద్దరు ఉండవచ్చు. అడ్మిషన్ నంబరు మాత్రం ఒకరిది ఒకరికి ఉండదు. అందుకే దానిని ప్రైమరీ కీ అంటారు. సాయం టేబుల్లో ఉన్న అదే నంబరు విద్యార్థుల టేబుల్‌ను చూపిస్తుంది కాబట్టి అక్కడ దానిని ఫారిన్ కీ అంటారు. పేరు పట్టుకుని వెతికితే పొరపాటు జరుగుతుంది, నంబరు పట్టుకుని వెతికితే జరగదు.

యాక్సెస్ మేనేజ్‌మెంట్ టూల్ అంటే ఏమిటి?

ఇది రెండు ప్రశ్నలు అడుగుతుంది. మొదటిది 'నువ్వు ఎవరు?' దీనిని ఆథెంటికేషన్ అంటారు. రెండవది 'ఈ పని చేసే హక్కు నీకు ఉందా?' దీనిని ఆథరైజేషన్ అంటారు. గేటు దగ్గర వాచ్‌మన్ 'నీది ఈ హాస్టలేనా?' అని అడగడం మొదటిది. లోపలికి వచ్చాక స్టోర్ రూము తలుపు తీయనివ్వకపోవడం రెండవది. లోపలికి వచ్చిన ప్రతివాడికీ అన్ని గదులూ తెరిచి పెడితే మాకు జరిగినట్టే జరుగుతుంది.

కంప్యూటర్లో పాస్‌వర్డు వాడకం 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఉమ్మడి కంప్యూటర్ మీద ప్రారంభమైంది. అదే దశకంలో అక్కడ ఒక పొరపాటు జరిగింది. లాగిన్ కాగానే అందరికీ కనిపించే రోజువారీ సందేశం ఫైలు, పాస్‌వర్డుల ఫైలు ఒకదాని స్థానంలో ఒకటి పడ్డాయి. లాగిన్ అయిన ప్రతివారికీ అందరి పాస్‌వర్డులూ అచ్చయి వచ్చాయి. మేము గోడకు అంటించిన అట్టముక్క గుర్తుకు వచ్చి, ఈ సంగతి చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు.

1992లో ఫెరాయోలో, కూన్ అనే ఇద్దరు 'రోల్' పద్ధతిని వివరించారు. అంటే హక్కును నేరుగా మనిషికి ఇవ్వకుండా ముందు పదవికి ఇవ్వాలి, మనిషిని ఆ పదవిలో కూర్చోబెట్టాలి. వార్డెన్ గారు మారినప్పుడు వార్డెన్ పదవికి ఉన్న అధికారాలు మారవు, కుర్చీలో మనిషి మారతారు. కంప్యూటర్లో కూడా అంతే.

ఈ పని చేసే టూల్స్ చాలా ఉన్నాయి. మేము ఎంచుకున్నది కీక్లోక్. రెడ్ హ్యాట్ సంస్థ 2014లో దీనిని విడుదల చేసింది. దీని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఇంత చిన్న లెక్కకు ఇంత పెద్ద టూలా అని మాలో ఒకరు అడిగారు. డబ్బు చిన్నదే, దాని మీద ఆధారపడిన చదువు చిన్నది కాదు అని మిగతావాళ్ళం సమాధానం చెప్పుకున్నాము.

మన స్కాలర్‌షిప్పే మనకు ఉదాహరణ

ఇదంతా ఎక్కడో పెద్ద కంపెనీల సంగతి అనుకోకండి. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. అప్పుడు డాక్టర్ అంబేడ్కర్ గారు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులుగా ఉన్నారు. దశాబ్దాల పాటు ఆ దరఖాస్తులు కాగితాల మీదే నడిచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09 ప్రాంతంలో ఈ-పాస్ అనే ఆన్‌లైన్ విధానం వచ్చింది. హైదరాబాదులోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ దీనిని తయారు చేసింది. 2014లో రాష్ట్ర విభజన జరిగాక తెలంగాణలో ఈ-పాస్ కొనసాగింది. మన రాష్ట్రంలో తర్వాత జ్ఞానభూమి పోర్టల్ వచ్చింది.

ఆ విధానంలో పనుల విభజన చూడండి. విద్యార్థి తన వివరాలు నింపుతాడు. కాలేజీ వారు ఇతను మా విద్యార్థే అని ధృవీకరిస్తారు. జిల్లా సంక్షేమ అధికారి మంజూరు చేస్తారు. ఖజానా ద్వారా డబ్బు విడుదల అవుతుంది. సమాచారం ఒకటే, కానీ ఎవరి లాగిన్ వారిది, ఎవరి మెట్టు వారిది. అడిగేవాడే మంజూరు చేయడు, మంజూరు చేసేవారే దరఖాస్తు నింపరు. మీ దరఖాస్తు ఎక్కడ ఆగిందో స్టేటస్‌లో చూడగలుగుతున్నారంటే కారణం ఇదే. పనిని మెట్లుగా విడదీసి, ఏ మెట్టు ఎవరిదో రాసి పెట్టుకున్నారు కాబట్టి. మా చిన్న ప్రోగ్రాంలో లేనిది సరిగ్గా ఇదే.

రెండు కనెక్షన్లు – కలగాపులగం చేయవద్దు

ఈ పని మొదలుపెట్టినవారు ముందుగా తికమక పడేది ఇక్కడే. మేము రెండు రోజులు తికమకపడ్డాము. టూల్‌కు, డేటాబేస్‌కు మధ్య రెండు రకాల కనెక్షన్లు ఉంటాయి.

మొదటిది, టూల్ తన సొంత సామాను పెట్టుకునే డేటాబేస్. రోల్స్, సెట్టింగులు అన్నీ అందులో ఉంటాయి. కీక్లోక్‌ను నేర్చుకోవడానికి నడిపినప్పుడు లోపలే ఉన్న ఒక చిన్న డేటాబేస్‌ను వాడుకుంటుంది. అసలు పనికి దానిని నమ్ముకోకూడదు, పోస్ట్‌గ్రెస్ వంటి దానిని చూపించాలి. ఇది సెట్టింగులతో అయిపోతుంది, ప్రోగ్రాం రాయనక్కరలేదు.

రెండవది, మన దగ్గర అప్పటికే ఉన్న యూజర్ల టేబుల్. 'మావాళ్ళ జాబితా ఇదిగో, ఇందులో ఉన్నవాళ్ళనే రానివ్వు' అని టూల్‌కు చూపించడం. దీనిని యూజర్ ఫెడరేషన్ అంటారు. ఎల్‌డాప్ వంటి డైరెక్టరీలకు కీక్లోక్‌లో తయారుగా ఏర్పాటు ఉంది. మనం సొంతంగా తయారు చేసుకున్న టేబుల్‌కు మాత్రం జావాలో ఒక చిన్న ప్రొవైడర్ రాసి జోడించాలి. మనుషులు కొద్దిమందే ఉంటే అందరినీ టూల్‌లోనే కొత్తగా నమోదు చేసుకున్నా సరిపోతుంది. కానీ మా జాబితాలోకి ప్రతి ఏటా కొత్తవాళ్ళు వస్తారు, పాతవాళ్ళు తప్పుకుంటారు. రెండు చోట్ల రాస్తే ఏదో ఒకచోట మరచిపోతాము. అందుకని జాబితా ఒకచోటే ఉంచి కలపాలని నిర్ణయించుకున్నాము.

కలిపే పని – మెట్టు మెట్టుగా

మొదటి మెట్టు: కాగితం మీద పని. కంప్యూటర్ తెరవక ముందే ఎవరు ఏం చేయవచ్చో రాసుకున్నాము. విద్యార్థి తన వరుస మాత్రమే చూస్తాడు. నమోదు చేసేవారు కొత్త అవసరాన్ని రాస్తారు కానీ 'అందింది' అని పెట్టలేరు. డబ్బు పంపేవారు 'అందింది' అని పెడతారు కానీ కొత్త పేరు చేర్చలేరు. పరిశీలకులు అన్నీ చూస్తారు, ఏదీ మార్చలేరు. ఈ నాలుగు రోల్స్ తేల్చుకోవడానికి మాకు ఒక ఆదివారం పట్టింది. మొత్తం పనిలో ముఖ్యమైన రోజు అదే.

రెండవ మెట్టు: యూజర్ల టేబుల్. తొమ్మిది మందికీ తొమ్మిది వేర్వేరు యూజర్ పేర్లు. ఒక నిలువు వరుసలో 'ప్రస్తుతం పనిలో ఉన్నారా?' అని. పాస్‌వర్డును ఉన్నది ఉన్నట్టు రాయకుండా హ్యాష్ చేసి పెట్టాము. బియ్యాన్ని మరపట్టిస్తే పిండి వస్తుంది, పిండిని మళ్ళీ బియ్యం చేయలేము. హ్యాష్ అలాంటిది. లాగిన్ అయ్యేటప్పుడు ఇచ్చిన పాస్‌వర్డును అదే పద్ధతిలో మరపట్టి, ఉన్న పిండితో సరిపోల్చుతారు. ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా ఒకేలా కనిపించకుండా ప్రతి ఒక్కరిదానికి వేరే అక్షరాలు కలిపి మరపడతారు. దానికి పేరు కూడా 'సాల్ట్', అంటే ఉప్పు. మేము 1999 నుంచి వాడుకలో ఉన్న బీక్రిప్ట్ పద్ధతి వాడాము.

మూడవ మెట్టు: కిటికీ. టూల్‌కు టేబుళ్ళన్నీ చూపించనక్కరలేదు. డేటాబేస్‌లో 'వ్యూ' అని ఒకటి తయారు చేయవచ్చు. అది గోడలో పెట్టిన కిటికీ లాంటిది. యూజర్ పేరు, హ్యాష్, పనిలో ఉన్నారా, ఏ గుంపు అన్న నాలుగు గడులు మాత్రమే అందులో కనిపిస్తాయి. పిల్లల కులం, ఇంటి ఆదాయం, ఫోను నంబరు, ఆధార్ సంఖ్య ఇవేవీ లాగిన్‌కు అవసరం లేదు. అవసరం లేనిది చూపించకూడదు.

నాలుగవ మెట్టు: కనెక్షను కోసం ప్రత్యేక ఖాతా. డేటాబేస్‌లోకి టూల్ కూడా ఒక యూజర్‌గానే వెళ్ళాలి. తొందరలో చాలామంది అన్ని అధికారాలూ ఉన్న పెద్ద ఖాతాను ఇచ్చేస్తారు. మేమూ మొదట అదే చేశాము, తర్వాత దిద్దుకున్నాము. ఆ వ్యూను చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న కొత్త ఖాతా సృష్టించాము. రాయడానికి లేదు, చెరపడానికి లేదు. పనికి ఎంత అధికారం కావాలో అంతే ఇవ్వాలన్న ఈ సూత్రాన్ని 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే శాస్త్రవేత్తలు రాసి పెట్టారు.

అయిదవ మెట్టు: కాలువ కట్టడం. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు మనందరం చూసినదే. కింద వైనతేయ పాయ, పైన తొట్టెలో పంట కాలువ. నది నీరు దానిలో కలవదు, కాలువ నీరు దీనిలోకి కారదు. 1850లలో ఇక్కడ కట్టిన మొదటి అక్విడక్టు ఇటువైపు నీటిని అటువైపు లంక పొలాలకు చేర్చింది. రెండు వేర్వేరు కంప్యూటర్ వ్యవస్థల మధ్య ఇలాంటి పని చేసేది డ్రైవర్. జావా ప్రోగ్రాములకు 1997 నుంచి ఉన్న ఏర్పాటును జేడీబీసీ అంటారు. దానికి అయిదు వివరాలు చెప్పాలి: డేటాబేస్ ఏ కంప్యూటర్లో ఉంది, ఏ పోర్టు (పోస్ట్‌గ్రెస్‌కు మామూలుగా 5432), డేటాబేస్ పేరు, ఖాతా పేరు, ఆ ఖాతా పాస్‌వర్డు. ఈ పాస్‌వర్డును ప్రోగ్రాం లోపల రాయకూడదు. రాస్తే అది కూడా గోడ మీది అట్టముక్కే. సర్వర్ సెట్టింగులలో విడిగా పెట్టాలి. దారిలో ఎవరూ చదవకుండా కనెక్షనును ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఇక, రేవులో మనిషి మనిషికీ కొత్త పంటు కట్టరు కదా, ఉన్న పంటే అటూ ఇటూ తిరుగుతుంది. అలాగే ప్రతి లాగిన్‌కూ కొత్త కనెక్షను తెరవకుండా కొన్నింటిని తెరిచి ఉంచి వాటినే తిప్పుతారు. దీనిని కనెక్షన్ పూల్ అంటారు.

ఆరవ మెట్టు: ప్రొవైడర్. మేము రాసిన జావా ప్రోగ్రాం టూల్ అడిగే మూడు ప్రశ్నలకు జవాబు చెబుతుంది. ఈ పేరుతో మనిషి ఉన్నాడా? ఇచ్చిన పాస్‌వర్డు సరిపోయిందా? ఏ గుంపులో ఉన్నాడు? ఇక్కడ ఒక జాగ్రత్త. యూజర్ టైపు చేసిన అక్షరాలను ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించకూడదు. పేరు రాయవలసిన చోట ఎవరైనా ఎస్‌క్యూఎల్ ముక్క రాస్తే డేటాబేస్ దానిని ఆజ్ఞగా పాటిస్తుంది. దీనినే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. వాక్యంలో ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, విలువను విడిగా పంపితే ఈ బెడద ఉండదు.

ఏడవ మెట్టు: గుంపుకు రోల్, రోల్‌కు టోకెన్. టేబుల్లో 'డబ్బు పంపేవారు' అన్న గుంపు ఉంటే టూల్‌లో అదే పేరుగల రోల్‌కు జోడించాము. లాగిన్ అయినవారికి టూల్ ఒక టోకెన్ ఇస్తుంది. అది మన అవుట్‌పాసు లాంటిది. పేరు, రోల్, ఎప్పటివరకు చెల్లుతుందో అందులో ఉంటాయి, టూల్ సంతకం ఉంటుంది. కీక్లోక్‌లో మామూలుగా ఈ టోకెన్ గడువు అయిదు నిమిషాలే, తర్వాత మళ్ళీ కొత్తది తీసుకోవాలి.

ఎనిమిదవ మెట్టు: ఎవరు, ఎప్పుడు. లాగిన్‌ల చరిత్రను దాచమని మనం చెబితేనే కీక్లోక్ తన డేటాబేస్‌లో దాస్తుంది. ఆ సెట్టింగు మామూలుగా ఆపి ఉంటుంది. మేము దానిని ఆన్ చేశాము.

పరీక్షలు చేయకుండా నమ్మవద్దు

అంతా అయ్యాక సరైన పాస్‌వర్డుతో లాగిన్ అయి, పని అయిపోయిందని చప్పట్లు కొట్టకూడదు. తలుపు తెరుచుకోవడం సగం పరీక్షే. తెరుచుకోకూడనప్పుడు తెరుచుకోకపోవడం మిగతా సగం. మేము నాలుగు పరీక్షలు చేశాము.

తప్పు పాస్‌వర్డు ఇచ్చాము. రానివ్వలేదు.

కనెక్షను ఖాతాతో డేటాబేస్‌లోకి వెళ్ళి ఒక వరుసను మార్చబోయాము. అనుమతి లేదని డేటాబేస్ తిప్పికొట్టింది. ఎర్రర్ చూసి మేము సంతోషించిన రోజు అదొక్కటే.

మాలో ఒకరిని టేబుల్లో 'పనిలో లేరు' అని మార్చాము. అయినా అతను లోపలే ఉండి పని చేసుకోగలిగాడు! వెతికితే కారణం తెలిసింది. అప్పటికే లాగిన్ అయి ఉన్నాడు, సెషను నడుస్తోంది. పైగా టూల్ వేగం కోసం యూజర్ వివరాలను కొంతసేపు తన దగ్గరే గుర్తు పెట్టుకుంటుంది. దానిని కాష్ అంటారు. కాష్ ఆపి, ఎవరినైనా తప్పించినప్పుడు వారి సెషనును కూడా వెంటనే తెంచాలని నియమం పెట్టుకున్నాము.

డేటాబేస్‌ను ఆపేసి లాగిన్‌కు ప్రయత్నించాము. రానివ్వలేదు. సందేహం వచ్చినప్పుడు తలుపు మూసి ఉండాలి, తెరిచి ఉండకూడదు.

టూల్ చేయలేనిది

ఈ టూల్ ఉంటే చాలు, అన్నీ భద్రం అనుకుంటే అదీ పొరపాటే. ఎవరు వచ్చారో, వారి రోల్ ఏమిటో టూల్ చెబుతుంది. ఆ రోల్‌ను చూసి పని చేయనివ్వాలా వద్దా అన్నది మన ప్రోగ్రాం ప్రతిసారీ సర్వర్‌లో అడగాలి. తెర మీద బటన్ కనిపించకుండా దాచినంత మాత్రాన హక్కు తీసేసినట్టు కాదు. అలాగే 'సాయం' టేబుల్లో ఏ వరుస మారిందో టూల్‌కు తెలియదు. అందుకోసం 'మార్పులు' అని వేరే టేబుల్ పెట్టాము. ఏ అడ్మిషన్ నంబరు, పాత విలువ, కొత్త విలువ, ఎవరి టోకెన్‌తో, ఎన్ని గంటలకు అన్నవి అందులో చేరతాయి. మా ప్రోగ్రాం ఖాతాకు ఆ టేబుల్లో చేర్చే అనుమతి మాత్రమే ఉంది, దిద్దే అనుమతి లేదు.

ఇక మనుషుల విషయం. ఎంత మంచి తాళమైనా తాళంచెవి చేతులు మారితే పనికిరాదు. 'అన్నా, నా ఫోను పనిచేయడం లేదు, నీ పాస్‌వర్డు చెప్పు' అని అడిగితే ఇవ్వకండి. అది నమ్మకం లేకపోవడం కాదు. రేపు ఏదైనా తేడా వస్తే ఇద్దరినీ కాపాడేది అదే.

చట్టం కూడా ఈ దారిలోనే వచ్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. ఆ చట్టం దృష్టిలో 18 ఏళ్ళు నిండనివారు పిల్లలే. వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుదలకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. మన హాస్టల్ తమ్ముళ్ళలో ఎక్కువమంది ఆ వయసువారే. కాబట్టి వారి పేర్లు పట్టికలో పెట్టుకున్న మాకు బాధ్యత ఇంకా ఎక్కువ.

ముగింపు

తమ్ముళ్ళారా! మన కుటుంబాల్లో చాలామందికి తాతల కాలంలో రిజిస్టర్లు చదవడం రాదు. ఎవరో ఏదో రాసేవారు, మనవాళ్ళు వేలిముద్ర వేసేవారు. ఇవాళ మన కులం, ఆదాయం, మార్కులు, స్కాలర్‌షిప్పు అన్నీ ఏదో ఒక టేబుల్లో ఒక వరుసగా ఉన్నాయి. ఆ వరుస చదవడం రావాలి. అది ఎవరి చేతిలో మారుతుందో అడగడం రావాలి. అలాంటి వ్యవస్థలను మనమే కట్టే రోజు వచ్చినప్పుడు న్యాయంగా కట్టడం రావాలి. ఇది ఉద్యోగం కోసం మాత్రమే నేర్చుకునే విద్య కాదు.

మా ప్రోగ్రాంలో ఇప్పుడు తొమ్మిది మందికి తొమ్మిది తాళంచెవులు ఉన్నాయి. గోడ మీది అట్టముక్క తీసేశాము. దానికి వేసిన జిగురు మచ్చ మాత్రం అలాగే ఉంది. సున్నం వేయించేటప్పుడు ఆ ఒక్కచోట వదిలేయమని మేమే చెప్పాము. స్టడీ రూముకు వెళ్ళినప్పుడు చూడండి.

అభ్యాసం

1. ఆథెంటికేషన్‌కూ, ఆథరైజేషన్‌కూ తేడాను మన హాస్టల్ నుంచే ఇంకొక ఉదాహరణతో చెప్పండి.
2. హాస్టల్ లైబ్రరీ కోసం మూడు టేబుళ్ళు గీయండి. ప్రతి దానిలో ప్రైమరీ కీ ఏది?
3. ఆ లైబ్రరీకి ఏ రోల్స్ కావాలి? ఒకే మనిషికి ఇవ్వకూడని రెండు పనులు ఏవి? ఎందుకు?
4. టూల్‌కు డేటాబేస్‌లో చదివే అనుమతి మాత్రమే ఎందుకు ఇవ్వాలి?
5. ట్యూటర్ గారు బదిలీ అయ్యారు. ఆ రోజే చేయవలసిన పనులు వరుసగా రాయండి.

జవాబులు రాసి స్టడీ రూములోని పెట్టెలో వేయండి. దసరా సెలవులకు వచ్చినప్పుడు మేము వచ్చి దిద్దుతాము. తప్పులు రాసినా పరవాలేదు, పేరు మాత్రం ఎవరిది వారు రాయండి.